స్పోక్ వీల్‌లో గాలి నిలవడం లేదా? 3ఎం 4411ఎన్ టేపు వేయించాక నా రివ్యూ

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తాను. స్పోకుల రిమ్ముని ట్యూబ్‌లెస్ చేయించుకుని, పొద్దున లేవగానే టైరు నొక్కి చూసుకునే పరిస్థితిలో ఉన్నవాళ్లకి 3ఎం కంపెనీ 4411ఎన్ సీలింగ్ టేపు పనిచేస్తుంది, గట్టిగానే పనిచేస్తుంది. కాకపోతే అది అన్ని రిమ్ములకీ కాదు, అన్ని లీకులకీ అంతకన్నా కాదు. ఇంకో మాట, టేపు మంచిదైనంత మాత్రాన సరిపోదు, టేపు పడేముందు రిమ్ము మీద జరిగే పని సగం కాదు, ముప్పావు వంతు. ఆ పని ఎలా జరగాలో, ఎవరు సరిగ్గా చేశారో, ఎక్కడ చెడిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే తెలుగులో దీని గురించి వెతికినప్పుడు నాకు "లిక్విడ్ పోయించండి బ్రో" అనే సలహా తప్ప ఇంకేమీ దొరకలేదు, ఆ సలహా ఈ విషయంలో పనికిరాదు.

నా బండి అడ్వెంచర్ రకం. ముందు 21 ఇంచులు, వెనక 17, రెండూ స్పోకులే, షోరూమ్ నుంచి ట్యూబులతోనే వచ్చింది. ట్యూబు టైరుతో ఇబ్బంది ఏంటో మారేడుమిల్లి ఘాట్‌లోనో శ్రీశైలం దారిలో నల్లమల మధ్యలోనో పంచర్ పడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. మేకు దిగిన నిమిషంలో గాలంతా పోతుంది, వెనక చక్రం అయితే బండి తోక ఊపినట్టు ఊగుతుంది, ఆపాక చక్రం విప్పాలి, చైను సర్దాలి, టైరు ఒక పక్క లేపాలి, ట్యూబు లాగాలి, ప్యాచ్ వేయాలి, మళ్లీ పెట్టేటప్పుడు టైరు లేపే లివరు కొసకి ట్యూబు చిక్కి ఇంకో చిల్లు పడకుండా చూసుకోవాలి. ట్యూబ్‌లెస్ అయితే మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది, చాలాసార్లు పక్క ఊరిదాకా వెళ్లిపోవచ్చు, లేదంటే రోడ్డు పక్కనే చక్రం విప్పకుండా చిల్లులో రబ్బరు స్ట్రిప్పు దూర్చి, చిన్న పంపుతో గాలి కొట్టుకుని బయల్దేరొచ్చు. ఒంటరిగా తిరిగేవాళ్లకి ఈ తేడా చాలా పెద్దది. అల్లాయ్ చక్రాలు వేసుకోవచ్చు కదా అంటారు, నిజమే, కానీ రాళ్ల దారిలో స్పోకుల రిమ్ము కొద్దిగా వంగి దెబ్బ తీసుకుంటుంది, వంగినా సరిచేయించుకోవచ్చు, అల్లాయ్ పగిలితే పగిలినట్టే. అందుకే స్పోకులూ ఉండాలి, ట్యూబూ ఉండకూడదు అన్న కోరిక.

మామూలు స్పోకుల చక్రంలో స్పోకు బిగించే నిపుల్ రిమ్ము మధ్య గాడిలోంచి దూరి ఉంటుంది. 36 స్పోకులుంటే 36 చిల్లులు, పైగా వాల్వు చిల్లు ఒకటి. ట్యూబు ఉన్నంతకాలం వీటితో పనిలేదు, ట్యూబు తీసేస్తే ప్రతిదీ గాలికి దారే. దీనికి కంపెనీలు రకరకాల జవాబులు కనిపెట్టాయి. బీఎండబ్ల్యూ 1987లో ఆర్100జీఎస్ బైకు మీద క్రాస్ స్పోక్ చక్రం తెచ్చింది, అందులో స్పోకులు గాడిలోకి రావు, రిమ్ము అంచుల బయటి వైపే ఆగిపోతాయి, కాబట్టి గాలి ఉండే గదికి చిల్లే పడదు. ఇటలీలో ఆల్పినా అనే చక్రాల కంపెనీ వాళ్లు ప్రతి నిపుల్‌కీ ఒక చిన్న రబ్బరు రింగు పెట్టి సీలు చేస్తారు. మన దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మొదట 2023లో ట్యూబు చక్రాలతోనే వచ్చింది, విదేశాల్లో ముందే ఇచ్చిన ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు ఇక్కడ 2024లో అమ్మకానికి పెట్టారు. మీ బండికి కంపెనీ వాళ్లే అలాంటి చక్రం అమ్ముతుంటే, డబ్బు సర్దుబాటైతే, అదే కొనుక్కోండి, ఈ టేపుల జోలికి రావాల్సిన పనే లేదు. నా బండికి అలాంటిది లేదు, అందుకే ఈ దారి పట్టాను.

మొదట ఒక షాపులో వెనక చక్రాన్ని ట్యూబ్‌లెస్ చేయించాను, పేరు అనవసరం. అప్పజెప్పిన రోజే సాయంత్రానికి అయిపోయిందన్నారు. తెల్ల సిలికాన్ తీసుకొచ్చి ప్రతి నిపుల్ తల మీదా ఒక ముద్ద పెట్టి, వేలితో రాసి, పైన మామూలు రబ్బరు పట్టీ వేసి టైరు ఎక్కించేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత రోజుకి రెండు మూడు పీఎస్ఐ చొప్పున దిగడం మొదలైంది, ఒక వానాకాలం గడిచేసరికి రాత్రి పెట్టిన గాలి తెల్లారేసరికి సగం కూడా లేదు. తర్వాత టైరు విప్పినప్పుడు చూస్తే సిలికాన్ ముద్దలు వేలితో లాగితే బొబ్బట్టు పొరలా ఊడి వచ్చేశాయి, కింద నిపుళ్ల మీద తెల్లటి బూజులాంటి తుప్పు. ఆ తుప్పుకి కారణం కూడా ఉంది. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ అసిటిక్ యాసిడ్ వదులుతుంది, అది అద్దాలకీ టైల్స్‌కీ పర్లేదు గానీ జింకు పూత ఉన్న నిపుళ్లనీ, ఇనుముని తింటుంది. సిలికానే వాడాలనుకుంటే న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోవాలి. సిలికాన్ ట్యూబు మూత తీయగానే ముక్కు అదిరే పుల్లటి వాసన వచ్చిందంటే అది మీ చక్రానికి పనికిరాదు.

లీకు మొదలయ్యాక అందరూ చెప్పిన మాట లిక్విడ్ సీలెంట్. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆ లిక్విడ్ పంచర్లకి చేసింది. చక్రం తిరిగేటప్పుడు లోపలున్న ద్రవమంతా బయటి వైపుకి, అంటే టైరు నేలని తాకే వైపుకి విసిరివేయబడి అక్కడే పరుచుకుంటుంది. మేకు దిగేది అక్కడే కాబట్టి అక్కడ చిల్లుని మూస్తుంది, మంచిదే. కానీ నిపుల్ చిల్లులు ఉండేది సరిగ్గా దానికి ఎదురు వైపు, హబ్బుకి దగ్గరగా, రిమ్ము గాడిలో. బండి పరిగెత్తుతున్నప్పుడు ఆ ద్రవం అక్కడికి రాదు. ఆగి ఉన్నప్పుడు టైరు అడుగున గుంటలా నిలబడుతుంది, అప్పుడూ గాడిని తాకదు. చక్రం విప్పి పక్కకి పడుకోబెట్టి కుదిపితే టైరు అంచు దగ్గర ఉన్న చిన్న లీకుకి కొంత ఉపయోగం, అంతే. స్పోకుల దగ్గర లీకుకి లిక్విడ్ పోయించుకోవడం అంటే డబ్బు పోవడం ఒక్కటే కాదు, తర్వాత అసలు పని చేయించబోతే రిమ్మంతా జిగురు జిగురుగా ఉండి, దాన్ని కడిగి ఆరబెట్టి మళ్లీ తుడవడానికే పూట పడుతుంది, ఆ జిడ్డు కాస్త మిగిలినా టేపు అంటదు.

ఇప్పుడు లీకు ఎక్కడుందో కనిపెట్టడం గురించి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తొందరపడి టేపు కొనేస్తారు. గాలి తగ్గుతోందంటే ముందు అది నిజంగా తగ్గుతోందో లేదో చూడండి. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి 32 పీఎస్ఐ పెట్టించి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే తక్కువే చూపిస్తుంది, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పడుతుంది. హైదరాబాద్‌లో గాలి కొట్టించి చలికాలం లంబసింగిలో తెల్లారుజామున కొలిచి లీకు అనుకున్నవాళ్లు ఉన్నారు. ఎప్పుడు కొలిచినా ఒకే గేజితో, బండి కదలకముందు, ఒకే వేళకి కొలవాలి. పెట్రోలు బంకులో ఒకసారి, పంచర్ షాపులో ఒకసారి కొలిస్తే రెండు గేజిల తేడానే మూడు పీఎస్ఐ ఉండొచ్చు.

నిజంగానే తగ్గుతోందని తేలితే సర్ఫ్ నీళ్లు. బకెట్లో చిక్కటి నురగ చేసి బ్రష్షుతో రాయండి. మొట్టమొదట వాల్వు. క్యాప్ తీసి వాల్వు నోటి దగ్గర ఒక చుక్క వేస్తే లోపలి పిన్ను లీకైతే బుడగ ఉబ్బుతుంది, అది బిగిస్తేనో మారిస్తేనో పోతుంది, నిమిషం పని. తర్వాత వాల్వు మొదట్లో, అది రిమ్ములోంచి బయటికి వచ్చే చోట. తర్వాత టైరు అంచు రిమ్ముని కలిసే చోట రెండు వైపులా చుట్టూ రాయాలి, ఇక్కడ బుడగలు చాలా సన్నగా, పాలు పొంగే ముందు అంచున వచ్చే నురగలా వస్తాయి, ఓపిగ్గా చూడకపోతే కనబడవు. రిమ్ము వంగినా, పాత రబ్బరు ముక్క అంటుకుని ఉన్నా, అల్యూమినియం మీద తెల్ల పొర కట్టినా ఇక్కడే లీకవుతుంది. రిమ్ము రెండు కొసలూ కలిపిన అతుకు దగ్గర కూడా చూడాలి. అన్నిటికన్నా చివర్లో నిపుళ్లు.

నిపుళ్ల దగ్గర ఒక తిరకాసు ఉంది. బుడగలు ఒక నిపుల్ దగ్గర వస్తున్నాయి కాబట్టి సీలు చెడింది ఆ నిపుల్ మీదే అనుకోవద్దు. లోపల టేపో పట్టీయో ఒక చోట లేస్తే, గాలి దాని కిందుగా గాడిలో పాకుతూ వెళ్లి ఎక్కడ నిపుల్ వదులుగా ఉంటే అక్కడ బయటికి వస్తుంది. లోపలికి దూరింది వాల్వు పక్కన, బయటికి వచ్చింది చక్రానికి అవతలి వైపు, ఇలా ఉంటుంది వ్యవహారం. అందుకే బయటి నుంచి బుడగలు వచ్చిన నిపుల్ మీద ఫెవిక్విక్ వేయడం, ఎం-సీల్ పూయడం వల్ల లాభం లేదు, ఒకటి మూస్తే పక్కది మొదలవుతుంది. పైగా గట్టిగా అతుక్కున్న నిపుల్‌ని తర్వాత తిప్పలేం. లీకుని గాలి ఉన్న వైపు నుంచే మూయాలి, అంటే టైరు విప్పాల్సిందే.

రెండోసారి నేను పని ఇచ్చింది హైదరాబాద్‌లో పుత్లీబౌలి వైపు రిమ్ములు బెండు తీసే ఒక ఉస్తాద్‌కి. ట్యూబ్‌లెస్ కన్వర్షన్ అని బోర్డు లేదు, ఉన్నది చక్రం వంకర చూసి సరిచేసే ఒక ట్రూయింగ్ స్టాండు, గోడకి వేలాడదీసిన రిమ్ములు, స్పోకుల డబ్బాలు. టేపు నేనే కొనుక్కెళ్లాను. ఆయన టేపు వంక చూడనైనా చూడలేదు. చక్రాన్ని స్టాండుకి ఎక్కించి తిప్పుతూ, స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో స్పోకునీ మీటుకుంటూ వెళ్లాడు. బిగువుగా ఉన్నవి టింగుమంటున్నాయి, వదులైనవి డబ్బుమంటున్నాయి. "ఇవి ఇలా ఉంటే నువ్వు బంగారం పోసి మూసినా లీకవుతుంది భాయ్, ముందు చక్రం నిలబడాలి, తర్వాతే నీ టేపు" అన్నాడు. ఈ ఒక్క మాటకే ఆయనకి పూర్తి మార్కులు. స్పోకు వదులైతే గుంతలో పడ్డ ప్రతిసారీ నిపుల్ తన చిల్లులో కదులుతుంది, పైన ఏం అంటించినా దాన్ని మెల్లగా ఎత్తేస్తుంది. మొదటి షాపులో సిలికాన్ ముద్దలు లేవడానికి కారణం వెనిగర్ ఒక్కటే కాదన్నమాట. ఇంకో సంగతి, సీలు చేశాక స్పోకు ఎక్కువ తిప్పితే సీలు చిరుగుతుంది, కాబట్టి బెండు తీయడం, బిగించడం అన్నీ ముందే అయిపోవాలి.

బిగింపు అయ్యాక నిపుల్ తలలోంచి పైకి పొడుచుకొచ్చిన స్పోకు కొసల్ని ఆకురాయితో రాసి సమానం చేశాడు. ఇది చాలా చోట్ల చేయరు. ఒక్క మిల్లీమీటరు కొస మిగిలినా లోపలి గాలి ఒత్తిడికి టేపు దాని మీద నొక్కుకుని కొన్నాళ్లకి చిల్లు పడుతుంది. తర్వాత గాడిలోని పాత సిలికాన్, తుప్పు, జిగురు అంతా గీకి, సన్న ఎమరీ పేపరుతో రుద్ది, థిన్నరుతో తుడిచాడు. చివరి తుడుపు మాత్రం నేను పట్టుబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చేయించాను, ఎందుకంటే పెట్రోలు గానీ అంగడి థిన్నరు గానీ ఆరాక కంటికి కనబడని జిడ్డు వదులుతాయి. తెల్ల గుడ్డతో తుడవండి, గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడవండి. ఉస్తాద్ మొదట ఒప్పుకోలేదు, "శుభ్రంగానే ఉంది కదా" అన్నాడు, గుడ్డ చూపించాక తనే ఇంకో రెండుసార్లు తుడిచాడు.

ఇక టేపు. 4411ఎన్ అంటే దాదాపు 1 మి.మీ. మందం, కొంచెం పాల రంగుగా, అవతల మసకగా కనబడే టేపు, అడుగున అక్రిలిక్ జిగురు, పైన గట్టి ఫిల్ము. ఇదే వరసలో 4412ఎన్ 2 మి.మీ. మందం ఉంటుంది, చక్రం లోపలికి అది ఎక్కువ. చేత్తో పట్టుకుంటే మెత్తగా సాగుతుంది, నిపుల్ తలల మీద పరిచి నొక్కితే వాటి ఆకారానికి దిగిపోతుంది, మామూలు ఇన్సులేషన్ టేపులా గుడారం కట్టినట్టు నిలబడదు. దీని అసలు బలం ఇదే. ముందు ప్రతి నిపుల్ తల మీదా చిన్న పలచటి టేపు ముక్క వేశాం, నిపుల్ ఎప్పుడైనా పావు చుట్టు తిప్పాల్సి వస్తే సీలింగ్ టేపు జిగురు దాన్ని పట్టుకుని చిరగకుండా. తర్వాత 50 మి.మీ. వెడల్పు టేపు, రెండు స్పోకుల మధ్య ఖాళీలో మొదలుపెట్టి, వాల్వుకి దూరంగా. 17 ఇంచుల రిమ్ముకి గాడి చుట్టూ రావడానికి ఇంచుమించు 1.3 మీటర్లు పడుతుంది, అతుకు మీద అతుకు ఒక 5 సెం.మీ. అయినా వేసుకోవాలి.

వేసేటప్పుడు సాగదీయకూడదు. సాగే గుణం ఉంది కదా అని లాగి బిగుతుగా వేస్తే, అది మెల్లగా వెనక్కి ముడుచుకుంటూ అంచుల దగ్గర లేస్తుంది. వదులుగా పరిచి, మధ్యలోంచి అంచులకి, చిన్న రబ్బరు రోలరుతో గట్టిగా నొక్కుకుంటూ పోవాలి. కింద గాలి బుడగ చిక్కితే పాల రంగులో స్పష్టంగా కనబడుతుంది, అక్కడే మళ్లీ నొక్కాలి. చివర్లో అతుకు దగ్గర ఒక పొర మీద ఇంకో పొర ఎక్కేచోట మెట్టులా ఏర్పడుతుంది, ఆ మెట్టు మూలలో సన్నటి సొరంగం మిగలకుండా గోటితో నొక్కి మరీ చూడాలి, నా అనుభవంలో అతి జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. టేపు అంచు టైరు కూర్చునే చోటికి పాకకూడదు, పాకితే అక్కడ ఇంకో లీకు పుడుతుంది. వాల్వు చోట టేపుని పెద్దగా కోయకుండా చిన్న చిల్లు పెట్టి, రబ్బరు వాషరు టేపు మీదే కూర్చునేలా నట్టుతో బిగించే మెటల్ వాల్వు వేశాం. కారు టైర్లకి దూర్చే రబ్బరు వాల్వు ఇక్కడ పట్టదు, దానికి 11 మి.మీ. పైన చిల్లు కావాలి, ట్యూబు రిమ్ము చిల్లు 8 మి.మీ. చిల్లర. డ్రిల్లు వేసి పెద్దది చేస్తానంటే ఒప్పుకోకండి.

వెంటనే టైరు ఎక్కించొద్దు. ఈ రకం అక్రిలిక్ జిగురు అంటించగానే పట్టుకున్నట్టే ఉంటుంది గానీ పూర్తి బలానికి మామూలు వేడిలో 72 గంటలు పడుతుంది. చలికాలం అయితే ఎండలో కాసేపు పెట్టిన రిమ్ము మీద వేస్తే ఇంకా మంచిది. ఉస్తాద్ దగ్గర చక్రం వదిలేసి వచ్చాను, బండి స్టాండు మీద నిలబడింది, ఆఫీసుకి మెట్రో. సాయంత్రానికే ఇచ్చేస్తామనే షాపు కన్నా ఇలా ఆపేవాణ్ని నమ్మండి.

ఫలితం. టైరు ఎక్కించి సబ్బు నీళ్లు రాసి కంప్రెసరు పెడితే రెండు వైపులా టప్ టప్‌మని కూర్చుంది. ఆ తర్వాత ఎండాకాలం మొత్తం హైదరాబాద్ ట్రాఫిక్కులో, అనంతగిరి వైపు రాళ్ల దారుల్లో, ఒక అరకు ప్రయాణంలో, వానల్లో తిరిగాను. నెలకి ఒకసారి గేజి పెడితే ఏ చక్రానికైనా తగ్గేంతే తగ్గుతోంది, ఒకటి రెండు పీఎస్ఐ. వెనక బ్రేకు డిస్కు వేడికి టేపు వదిలేస్తుందేమో అనే టెన్షన్ ఉండేది, ఘాట్ దిగాక చేయి పెట్టి చూస్తే హబ్బు దగ్గర కాలుతోంది గానీ రిమ్ము గోరువెచ్చగానే ఉంది. మధ్యలో ఒక మేకు దిగింది, రోడ్డు పక్కన స్ట్రిప్పు దూర్చి వెళ్లిపోయాను, ఇంత ఖర్చూ దీనికోసమే కదా.

తగ్గించిన మార్కులు దేనికంటే, ఈ టేపుకి శత్రువు రోడ్డు కాదు, టైరు లివరు. టైరు మార్చేటప్పుడు లివరు కొస గాడిలోకి దిగి టేపుని గీరిందంటే అక్కడితో సరి. పంచర్ షాపు తమ్ముళ్లకి ఇది తెలియదు, వాళ్ల తప్పు కాదు, స్పోకుల రిమ్ము చూడగానే లోపల ట్యూబు ఉందనే అనుకుంటారు. "తమ్ముడూ, లోపల సీలు టేపు ఉంది, లివరు లోతుగా దించకు, వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టు" అని ముందే చెప్పి పక్కన నిలబడాలి. ఇంకొకటి, ఇది చిల్లరగా దొరకడం కష్టం, పెద్ద చుట్టే కొనాల్సి వస్తుంది, ఒక్కరికే కొంటే దండగ, ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కుంటే కొత్త టైరు ధరలో చిన్న భాగంతో ఒక్కో చక్రం అయిపోతుంది. ఆన్‌లైన్‌లో తక్కువకి దొరికే తెల్ల డబుల్ సైడ్ టేపు చూసి అదే అనుకోకండి, 4411ఎన్ ఒక వైపే అంటుతుంది. జపాన్ అవుటెక్స్ కిట్ గురించి అడిగేవాళ్లకి, పద్ధతి దగ్గర దగ్గర ఇదే, చక్రం సైజుని బట్టి సిద్ధం చేసి ఇస్తారు, తెప్పించుకునే ఖర్చు భరించగలిగితే పని సులువు.

ఎవరు చేయించకూడదో కూడా చెప్పాలి, ఇది ప్రాణాలతో పని. రిమ్ము మీద సైజు అంకెల పక్కన ఎంటీ అని అచ్చు ఉందా చూడండి. ఎంటీ రిమ్ముకి టైరు అంచు గాడిలోకి జారకుండా లోపల చిన్న గట్టు ఉంటుంది. డబ్ల్యూఎం రకానికి ఆ గట్టు ఉండదు, ట్యూబు ఉన్నంతసేపు ట్యూబే అంచుని నెట్టి పట్టుకుంటుంది, ట్యూబు తీసేసి నడిపితే గాలి తగ్గిన క్షణంలో మలుపులో టైరు అంచు జారి మొత్తం గాలి ఒక్కసారిగా పోవచ్చు. నా వెనక రిమ్ము ఎంటీ, ముందు 21 ఇంచుల రిమ్ముకి ఆ గట్టు లేదు, అందుకే ముందు చక్రం ట్యూబుతోనే నడుపుతున్నాను. ఎలాగూ పంచర్లు ఎక్కువగా పడేది వెనక టైరుకే, ముందు టైరు లేపిన మేకు వెనక దానికి గుచ్చుకుంటుంది. ముందు చక్రం గాలి ఒక్కసారిగా పోతే బండి మన చేతిలో ఉండదు, అక్కడ ఎవరు ఎంత చెప్పినా వినకండి. టైరు మీద కూడా ట్యూబ్‌లెస్ అని రాసి ఉండాలి, ట్యూబు టైప్ టైరుకి లోపల గాలిని ఆపే రబ్బరు పొర ఉండదు కాబట్టి రిమ్ము ఎంత బాగా మూసినా గాలి టైరు గోడలోంచే పోతుంది.

కంపెనీ నుంచే ట్యూబ్‌లెస్ స్పోకులతో వచ్చిన బండ్లవాళ్లు స్పోకులు ఎక్కడ ఆగాయో చూసుకోండి. రిమ్ము అంచుల బయట ఆగితే మీ లీకు స్పోకుల్లోంచి కాదు, వాల్వో, టైరు అంచో, రిమ్ము వంపో అయి ఉంటుంది, టేపుతో పనిలేదు. మధ్యలో కంపెనీ సీలు ఉన్న రకమైతే వారంటీ ఉన్నంతకాలం షోరూమ్‌లోనే అడగండి, మీరు లోపల చేయి పెట్టారంటే వారంటీ పోతుంది.

నా మార్కులు: టేపుకి 5కి నాలుగున్నర, ఉస్తాద్ పనికి 5కి 5, మొదటి షాపు సిలికాన్‌కి ఒకటి. దూరం వెళ్లేటప్పుడు వెనక చక్రానికి సరిపోయే ట్యూబు ఒకటి మడిచి ఇప్పటికీ బ్యాగులో పెట్టుకుంటాను, రిమ్ము రాయికి తగిలి అంచు వంగితే ఏ టేపూ ఆదుకోదు, మెటల్ వాల్వు తీసేసి టేపు మీదుగానే ట్యూబు వేసుకుని ఇంటికి రావచ్చు. ఆ వాల్వు నట్టుకి సరిపోయే స్పానరు కూడా టూల్ కిట్‌లో ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి, చాలా బండ్లతో వచ్చే కిట్‌లో అది ఉండదు.